టోపోలీనోనా, బలిల్లానా? వెనక సీటు చూసి తేల్చుకోవాల్సిన బేరం

మా అక్క కొడుకు ఇటలీలోని టూరిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెలలో ఒక రాత్రి ఫోను చేసి, "మామయ్యా, 1937 నాటి ఫియట్ టోపోలీనో కారు ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫొటో పంపాను, చూడు. కొనేస్తున్నాను" అన్నాడు. కొనమంటావా అని అడగలేదు, గమనించండి.

ఫొటో చూశాను. ఎర్రటి ఒళ్లు, నల్లటి మడ్‌గార్డులు, బానెట్‌కి అటూ ఇటూ చెవుల్లా నిక్కబొడుచుకున్న హెడ్‌లైట్లు. ముద్దొచ్చే బండే, కాదనను. "బాగుందిరా. వెనక ఎవరు కూర్చుంటారు?" అన్నాను. వాడికి తొమ్మిదేళ్ల కొడుకు, ఐదేళ్ల కూతురు. వేసవికి మా అక్క వెళ్లి మూడు నెలలు ఉండి వస్తుంది. అవతల కాసేపు చప్పుడు లేదు. "వెనక సీటు లేదు మామయ్యా, సామాను పెట్టుకునే చోటు ఉంది" అన్నాడు చివరికి.

ఆ రాత్రి మొదలై మూడు వారాలు మా ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వచ్చిన ఇటలీ చిన్న కారు ఒకటి కొనుక్కుని, ఆదివారాలు ఇంటిల్లిపాదీ తిరిగి రావాలని సరదా ఉన్న ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నేను ఇంజినీరును కాను. నాన్నగారి ప్రీమియర్ కారు కింద పడుకుని స్పానర్లు అందిస్తూ పెరిగాను, తరవాత ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఉత్తర ఇటలీలో ఉన్నాను. అక్కడి ముసలి మెకానిక్కులు కాఫీ తాగుతూ చెప్పిన మాటలే నా చదువు.

బరిలో ఉన్నవి నాలుగు. 1932లో వచ్చిన ఫియట్ 508 బలిల్లా. 1936లో వచ్చిన ఫియట్ 500, అంటే టోపోలీనో. 1937లో వచ్చిన ఫియట్ 508 సీ, దీన్నే ఆ తరవాత 1100 అన్నారు. ఇక ఫియట్ కాని బండి ఒకటి, లాంచా అవుగుస్తా. వీటికి ముందు 1925 నుంచి 1929 దాకా ఫియట్ 509 అని ఒకటి ఉండేది. 990 సీసీ ఇంజిను, 22 హార్స్‌పవర్. దాన్ని వాయిదాల మీద అమ్మడానికే ఫియట్ సావా అనే ఫైనాన్సు సంస్థను పెట్టింది. చరిత్రలో దానికి పెద్ద పేరే ఉంది గానీ, మొదటిసారి పాత కారు కొనేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను. విడి భాగాల వేటలోనే సగం జీవితం గడిచిపోతుంది.

ముందు టోపోలీనో సంగతే తేల్చేద్దాం, అందరి కళ్లూ దాని మీదే కాబట్టి.

టోపోలీనో అంటే ఇటాలియన్‌లో చిట్టెలుక. మిక్కీ మౌస్‌ను అక్కడ పిలిచే పేరు కూడా అదే. కంపెనీ పెట్టిన పేరు మాత్రం ఉత్త 500. ఐదు వేల లీరాలకు (అప్పటి ఇటలీ డబ్బు) దొరికే కారు తేవాలన్న లెక్కతో మొదలుపెట్టి, 1936 జూన్‌లో 8,900 లీరాలకు అమ్మకానికి పెట్టారు. మామూలు కార్మికుడికి అది ఏడాది జీతానికి పైమాటే. దీన్ని గీయడం మొదలుపెట్టేనాటికి ఫియట్ ఇంజినీరు దాంతే జకోసాకు ముప్పై ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. 569 సీసీ ఇంజిను, 13 హార్స్‌పవర్, గంటకు 85 కిలోమీటర్లు. చక్రాల మధ్య దూరం సరిగ్గా రెండు మీటర్లు. ఇంత చిన్న దాంట్లో నాలుగు సిలిండర్ల అసలైన ఇంజిను, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు, ముందు చక్రాలకు దేనికది విడిగా ఊగే సస్పెన్షన్. అప్పట్లో చవక కారు అంటే మోటారు సైకిలుకు రేకు డబ్బా తొడిగినట్టు ఉండేది. ఇది అలా కాదు, పెద్ద కారును ఉతికితే కుదించుకుపోయినట్టు ఉంటుంది.

ఆ కుదింపు ఎలా సాధ్యమైందో బానెట్ ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఇంజిను ముందు ఇరుసు కంటే కూడా ముందుకు జరిగి కూర్చుంటుంది. రేడియేటర్ దానికి వెనక, కాస్త ఎత్తులో ఉంటుంది. వేడి నీళ్లు తమంతట తాము పైకి వెళ్లి, చల్లబడి కిందికి దిగుతాయి, కాబట్టి వాటర్ పంపు అక్కర్లేదు. పెట్రోలు ట్యాంకు డాష్‌బోర్డు వెనక ఎత్తులో ఉంటుంది, పెట్రోలు దానంతట అదే జారుతుంది, కాబట్టి ఆ పంపూ అక్కర్లేదు. పాడవడానికి రెండు పంపులు తక్కువ. ఇలాంటి పొదుపు చూస్తే నాకు మా అమ్మ వంటిల్లు గుర్తొస్తుంది.

దానికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. రేడియేటర్ వేడి నేరుగా మీ మోకాళ్లకు తగులుతుంది. జనవరిలో అది వరం, జులైలో శిక్ష. టూరిన్ పక్కన సూపెర్గా అని కొండ ఉంది, పైన బసీలికా అనే పెద్ద చర్చి. ఒక పరిచయస్తుడి టోపోలీనోలో ఆ కొండ ఎక్కాను. ఇద్దరమే ఉన్నాం, ఇద్దరమూ సన్నవాళ్లమే. రెండో గేరు పైకి పోలేదు. మలుపు తిరిగే ప్రతిచోటా మా వెనక ఒక సైకిలు బృందం ఓపిగ్గా వస్తూనే ఉంది. పైకి చేరాక ఆయన బానెట్ తెరిచి, రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి, మాట్లాడకుండా పది నిమిషాలు నిలబడ్డాడు. అది ఆయనకు అలవాటే అని ముఖం చూస్తే తెలిసింది.

ఇటలీ కుటుంబాలు మాత్రం రెండు సీట్ల బండి అని ఏనాడూ ఒప్పుకోలేదు. వెనక సామాను చోట్లో పిల్లల్ని, పిల్లల మీద మరిన్ని మూటల్ని ఎక్కించారు. వెనక ఉన్న పొట్టి కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఆ బరువుకు విరగడం మొదలైంది. 1938లో ఫియట్ లొంగిపోయి, ఛాసిస్‌ను, అంటే అడుగు చట్రాన్ని, వెనక్కి పొడిగించి పొడుగు పట్టీలు వేసింది. ఈ రోజుకీ అక్కడి పాత కార్లవాళ్లు టోపోలీనో గురించి అడిగే మొదటి ప్రశ్న, "పొట్టి పట్టీదా, పొడుగు పట్టీదా?" అనే. పొట్టి పట్టీల బండి అరుదు కాబట్టి పాత కార్లు సేకరించేవాళ్లకు మోజు ఎక్కువ. నడుపుకునేవాళ్లకు పొడుగు పట్టీలదే సుఖం. మా వాడు చూసింది 1937 నాటిది, అంటే పొట్టి పట్టీల బండి. మరి కాస్త ధర ఎక్కువ పెట్టి, మరి కాస్త బలహీనమైన వెనక భాగం కొనబోతున్నాడన్నమాట.

అన్నిటికీ మించి చట్టం ఒకటి ఉంది. సీటు బెల్టులు లేని కారులో మూడేళ్ల లోపు పిల్లలను ఎక్కించకూడదని ఐరోపా నియమం. మూడేళ్లు దాటినా, మీటరున్నర ఎత్తు రాని పిల్లలు ముందు సీట్లో కూర్చోకూడదు. ముందు సీట్లు తప్ప మరేమీ లేని బండిలో ఐదేళ్ల పిల్లను ఎక్కడ కూర్చోబెడతారు? ఈ మాట చెప్పాక మా వాడు వాదించడం మానేశాడు. భార్యాభర్తలు ఇద్దరే ఉన్నవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయినవాళ్లు, అద్దెకు ఇరుకు గ్యారేజీ ఉన్నవాళ్లు నిక్షేపంగా టోపోలీనో కొనుక్కోవచ్చు. యుద్ధం తరవాత వచ్చిన బీ, సీ రకాలను కూడా కలుపుకుంటే 1955 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. సామాన్లు దొరుకుతాయి, బాగు చేసేవాళ్లు ఉన్నారు.

ఒక్క జాగ్రత్త. 1948 నుంచి వచ్చిన బండ్లలో వాల్వులు సిలిండర్ తల పైన ఉంటాయి, 16 హార్స్‌పవర్. యుద్ధానికి ముందువాటిలో వాల్వులు పక్కన ఉంటాయి. పాత ఒంట్లో కొత్త ఇంజిను పెట్టిన బండ్లు తరచూ కనిపిస్తాయి. కనుక్కోవడం తేలిక. ఇంజిను తల చదునుగా పలకలా ఉంటే పాతది, మీద రేకు మూత ఉబ్బెత్తుగా ఉంటే తరవాతది. నడపడానికి రెండోదే హాయి, నిజం చెప్పాలంటే. కానీ "అంతా ఒరిజినల్" అని చెప్పి దానికి తగ్గ ధర అడుగుతుంటే మాత్రం లేచి వచ్చేయండి.

బలిల్లా, అసలైన ఇంటి బండి

1932 ఏప్రిల్‌లో మిలాన్ ప్రదర్శనలో బలిల్లాను చూపించారు. 10,800 లీరాలు. ఆ ఏడాదే అక్టోబరులో టూరిన్ నుంచి మిలాన్‌కు ఆటోస్త్రాదా, అంటే కార్ల కోసమే వేసిన పెద్ద రహదారి, తెరిచారు. రోడ్డూ కారూ ఒకేసారి వచ్చాయి, డబ్బే ఇంకా రాలేదు జనానికి. 995 సీసీ ఇంజిను, 20 హార్స్‌పవర్, మూడు గేర్లు, గంటకు 80 కిలోమీటర్లు. లింగొత్తో కర్మాగారంలో తయారయ్యేది. కప్పు మీద కార్లు పరీక్షించే ట్రాక్ ఉన్న కర్మాగారం అదే. ఇప్పుడు ఆ ట్రాక్ మధ్యలో మొక్కలు పెంచి తోట చేశారు, టూరిన్ వెళ్తే ఎక్కి చూడండి.

పేరు వెనక రాజకీయం ఉంది. 1746లో జెనోవా నగరంలో ఆస్ట్రియా సైనికుల మీద రాయి విసిరి తిరుగుబాటుకు నాంది పలికాడని చెప్పే కుర్రాడి ముద్దుపేరు బలిల్లా. ముస్సోలినీ పాలనలో పిల్లల సంస్థకు ఆ పేరు పెట్టారు, తరవాత కారుకూ పెట్టారు. కొందరికి ఇప్పటికీ ఆ పేరు నాలుక మీద చేదుగా ఉంటుంది. బండికి ఆ పాపం అంటగట్టలేం గానీ, ఇటలీలో పెద్దవాళ్ల ముందు ఈ పేరెత్తినప్పుడు ఒక క్షణం మౌనం ఎదురైతే కారణం తెలిసి ఉండాలి.

కొనేవాళ్లకు తెలియాల్సిన అసలు విషయం, బలిల్లాలు రెండు రకాలు. 1932, 33 నాటివి మూడు గేర్లవి, రెండు తలుపులవి. 1934లో నాలుగు గేర్లు వచ్చాయి, ఇంజిను బలం 24 హార్స్‌పవర్‌కు పెరిగింది, నాలుగు తలుపుల బండి వచ్చింది. చూపుకు మొదటిది నాకు ఇష్టం, నిటారుగా, బడికి వెళ్లే కుర్రాడిలా ఉంటుంది. కొనమని మాత్రం రెండోదే చెబుతాను.

ఎందుకో చెప్పాలంటే మూడు గేర్ల బండిని ఒకసారి నడిపి చూడాలి. గేరు కిందికి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, ఒక చిన్న యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. మన పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది ఇదే. ఒక లిప్త అటూ ఇటూ అయినా పళ్లు కొరుక్కుంటాయి, వీధంతా వినిపిస్తుంది. అది వచ్చినవాడికి సంగీతం, రానివాడికి ప్రతి మలుపూ పరీక్షే. దానికి తోడు రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య పెద్ద అగాధం. ఎత్తు ఎక్కేటప్పుడు రెండోదాంట్లో ఇంజిను గోల పెడుతుంది, మూడోది వేస్తే మూలుగుతుంది. నాలుగు గేర్ల బండిలో ఆ అగాధానికి వంతెన పడింది, పై రెండు గేర్లూ సులువుగా పడతాయి. మా వాడి భార్య కూడా నడుపుతానంటోంది. కాపురం సజావుగా సాగాలంటే నాలుగు గేర్లదే కొనమన్నాను.

వెనక సీటు గురించి కొలతల కంటే ఒక దృశ్యం చెబుతాను. అక్కడ ఉన్న రోజుల్లో ఒక పెళ్లికి నాలుగు తలుపుల బలిల్లాలో వెళ్లాను. వెనక సీట్లో ఒక బామ్మ, నేను, మా ఇద్దరి మధ్య కేకు పెట్టె. బామ్మ టోపీ పైకప్పుకు తగల్లేదు. దిగేటప్పుడు ఆవిడ ముందు కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, కుర్చీలోంచి లేచినట్టు లేచింది. ఈ కాలపు చిన్న కార్లలో ఎనభై ఏళ్ల మనిషి అలా దిగలేదు. సీటు ఎత్తుగా ఉంటుంది, తలుపు ఎత్తుగా ఉంటుంది, కాళ్లు వేలాడేసుకుని కూర్చోవచ్చు. మా అక్క మోకాళ్లకు ఇంతకంటే మంచి కారు దొరకదు. ముగ్గురు వెనక కూర్చుంటే మాత్రం భుజాలు రాసుకుంటాయి, ఒకరు పిల్లయితేనే నయం.

బలిల్లాలు లక్షా పదమూడు వేల దాకా తయారయ్యాయి. ఇటలీలోనే కాదు, లైసెన్సు మీద పోలండులో, జర్మనీలో ఎన్‌ఎస్‌యూ పేరుతో, ఫ్రాన్సులో సిమ్కా పేరుతో, చెకోస్లోవేకియాలో వాల్టర్ పేరుతో కూడా చేశారు. అందుకని సామాన్లు వెతికేటప్పుడు ఇటలీ దాటి చూడవచ్చు. అయితే ఏ దేశపు బండికి ఆ దేశపు మార్పులు ఉంటాయి, అమ్మే మనిషిని పార్టు కొలతలు అడిగి తెప్పించుకోండి.

స్పోర్ట్ బలిల్లా అని ఇంకొకటి కనిపిస్తుంది. తోక సాగదీసిన రెండు సీట్ల బండి, కొప్పా దోరో అంటారు. చూస్తే గుండె ఆగుతుంది. ఆ ఆగిన గుండెతోనే సంతకం పెట్టకండి. మామూలు ఇంటి బలిల్లాల ఒళ్లు తీసేసి ఇలా మార్చిన నకళ్లు చాలా తిరుగుతున్నాయి. పైగా మన ప్రశ్న వెనక సీటు గురించి, దీనికి అదీ లేదు.

1089 అనే అంకె

టూరిన్‌లోని జాతీయ ఆటోమొబైల్ మ్యూజియానికి మొదటిసారి వెళ్లిన రోజులకు ముందే నాకు ఫియట్ 508 సీ పరిచయమైంది. ఒక మెకానిక్ షెడ్డులో బానెట్ తెరిచి ఉంది. పక్కన కాగితం మీద సిలిండర్ కొలతలు రాసి ఉన్నాయి. వెడల్పు 68, పిస్టన్ ప్రయాణం 75 మిల్లీమీటర్లు, మొత్తం 1089 సీసీ. ఆ అంకె దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మా నాన్నగారి ప్రీమియర్ ఆర్‌సీ పుస్తకంలో ఉన్న అంకె అదే. ముంబైలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్ 1100లోనూ, ఆ తరవాత పద్మినిలోనూ ఉన్నది ఇదే 68, 75 కొలతల వంశం. ఇటలీలో 1937లో పుట్టిన ఇంజిను లెక్క మన ఊళ్లలో ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా కొత్త కార్లలో తయారవుతూనే ఉంది. పద్మిని బాగు చేసిన మేస్త్రీ ఎవరైనా 508 సీ బానెట్ ఎత్తితే, బంధువుల ఇంటికి వచ్చినట్టు ఉంటుంది. సామాన్లన్నీ ఇటు తీసి అటు పెట్టేయవచ్చని మాత్రం అనుకోకండి, అర్ధ శతాబ్దంలో మారినవి చాలా ఉన్నాయి.

నడపడానికి ఈ నాలుగింటిలో నా ఓటు దీనికే. వాల్వులు తల పైన, 32 హార్స్‌పవర్, గంటకు 110 కిలోమీటర్లు, నాలుగు గేర్లు. చక్రాల మధ్య దూరం 2,420 మిల్లీమీటర్లు, తొలి బలిల్లాలో 2,250 మాత్రమే. అంటే వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకు కాస్త చోటు అదనం. నాలుగు తలుపులు, మధ్యలో స్తంభం లేదు. రెండు తలుపులూ తెరిస్తే పక్క మొత్తం గుమ్మంలా ఖాళీ. ఈ రోజు ట్రాఫిక్‌లో లారీ వెనక నుంచి హారన్ కొట్టకుండా వెళ్లగలిగే యుద్ధపూర్వపు చవక ఫియట్ ఇదే. ఐదేళ్ల కింద బలిల్లా తీసినవాళ్లే ఇది కూడా తీశారంటే నమ్మబుద్ధి కాదు.

ఇందులో ఒక బలహీనత ఉంది. ముందు సస్పెన్షన్ స్ప్రింగులు నూనె నింపిన గొట్టాల్లో మూసి ఉంటాయి. సీళ్లు అరిగితే నూనె కారిపోతుంది, బండి ముందు వైపు గుంతకోసారి గుర్రంలా ఎగురుతుంది. అది బాగు చేయడం ఊళ్లో మేస్త్రీ పని కాదు, ఖర్చు కూడా తక్కువ కాదు. చూడటానికి వెళ్లినప్పుడు ముందు చక్రాల లోపలి వైపు వేలితో తడిమి చూడండి. వేలికి జిడ్డు అంటితే ధరలో కోత అడగండి. 1939లో ముందు భాగం మార్చి ముక్కు పెద్దది చేశారు, వాడుకలో దాన్ని మూజోనె అంటారు, మోర అన్నమాట. నాకు ఆ ముక్కు నచ్చదు. కొందరికి అదే కావాలి.

లాంచా అవుగుస్తా గురించి రెండు మాటలే చెబుతాను, ఎక్కువ చెబితే నేనే కొనేస్తాను. ఫియట్‌లో టెస్టు డ్రైవరుగా పనిచేసి బయటికి వచ్చిన విన్‌చెంజో లాంచా పెట్టిన కంపెనీ అది. 1933 నుంచి 1936 దాకా వచ్చింది. 1196 సీసీ, 35 హార్స్‌పవర్, నాలుగు సిలిండర్లూ ఇంగ్లిషు వీ అక్షరంలా, కానీ ఎంత సన్నని వీ అంటే అన్నిటికీ కలిపి ఒకే తల సరిపోతుంది. ఛాసిస్ వేరు, ఒళ్లు వేరు కాకుండా రెండూ ఒకటే చేసి పోత పోసినంత గట్టిగా కట్టారు. తలుపు వేస్తే వచ్చే చప్పుడు ఇనప్పెట్టె మూసినట్టు ఉంటుంది. స్టీరింగు కుడివైపు. ఇటలీలో కుడివైపు నడుస్తూ కూడా లాంచా చాలాకాలం స్టీరింగును కుడివైపే ఉంచింది, కొండదారుల్లో రోడ్డు అంచు కనిపించాలన్నది ఒక కారణం అంటారు. మనవాళ్ల చేతికి అది అలవాటైన వైపే.

మరి ఎందుకు వద్దంటున్నాను? పదిహేడు వేలే తయారయ్యాయి. ఇంజిను దించాల్సి వస్తే మేస్త్రీని వెతకడానికే ఒక ఋతువు పడుతుంది. ఇంకో మెలిక, ఇందులో ఫ్రీవీల్ ఉంటుంది. సైకిలు తొక్కడం ఆపితే చక్రం దానంతట అది తిరిగినట్టు, యాక్సిలరేటర్ వదిలితే ఇంజిను చక్రాలను పట్టి ఆపదు. చదునైన రోడ్డు మీద పెట్రోలు ఆదా. కొండ దిగేటప్పుడు దాన్ని బిగించడం మరిచిపోతే బరువంతా బ్రేకుల మీదే. తెలిసినవాడి చేతిలో ఉండాల్సిన బండి. రెండో పాత కారుగా కొనుక్కోండి.

చూడటానికి వెళ్లేటప్పుడు

కాగితాలు ముందు. ఇటలీలో ప్రతి కారు చరిత్రా పీఆర్ఏ అనే ప్రభుత్వ రిజిస్టరులో ఉంటుంది. కాలక్రమంలో యజమానులు ఎవరెవరో చూపించే నకలు తీయించండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరూ కాగితంలో నంబరూ ఒకటే కావాలి. బండి రిజిస్టరు నుంచి రద్దయి ఉంటే దాన్ని మళ్లీ ఎక్కించడం పెద్ద తలనొప్పి, దానికి తగ్గట్టు ధర దిగాలి. నల్ల రేకు మీద తెల్లటి పాత నంబరు ప్లేటు అసలుదే ఉంటే అదో ఆస్తి. పాత వాహనాల సంఘం ఏఎస్ఐ ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే బీమా దగ్గర పని తేలికవుతుంది.

బ్రేకులు ఈ నాలుగింటికీ హైడ్రాలిక్కే, అది గొప్ప. కానీ ఒకే గొట్టం వ్యవస్థ. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. పెడల్ గట్టిగా తొక్కి, అరవై అంకెలు లెక్కపెట్టండి. కాలు మెల్లగా కిందికి దిగుతుంటే లీకు ఉన్నట్టే. నా అనుభవం ఒకటి, పేరెందుకు గానీ, ఒక షెడ్డులో "బ్రేకులన్నీ కొత్తవి" అని రసీదు ఇచ్చి, రబ్బరు గొట్టాలు మాత్రం పాతవే ఉంచి పైన నల్ల రంగు పూశారు. గొట్టాన్ని వంచి చూడండి. రంగు పగిలి కింద బూడిద రంగు గీతలు కనిపిస్తే అది ముసలిదే. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరును, బెండు గ్యాస్కెట్లను అది తినేస్తుంది. పెట్రోలు గొట్టాలు కూడా మార్పించే లెక్కలో ఉండండి.

మన దేశానికి తెచ్చుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషనుకు ఇరవై వేల రూపాయల రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీయవచ్చు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే వీలు లేదు. దిగుమతి నియమాలు, సుంకం సంగతి కొనకముందే కస్టమ్స్ పని చూసే ఏజెంటుతో రాతపూర్వకంగా తేల్చుకోండి, బండి ఓడెక్కాక కాదు.

ఇక మా వాడి సంగతి. డబ్బు ఎంతైనా ఫరవాలేదంటే 508 సీ కొనమనేవాణ్ని. వాడికి ఇంటి అప్పు ఉంది, కాబట్టి 1934 తరవాతి నాలుగు గేర్ల బలిల్లా అన్నాను. రెండు వారాలు మొహం ముడుచుకుని తిరిగాడని వాడి భార్య చెప్పింది. నిన్న మళ్లీ ఫోను. అస్తి దగ్గర ఒక పల్లెలో 1935 నాటిది ఉందట, నాలుగు తలుపులది, ముదురు నీలం. శనివారం ఉదయం పదింటికి రమ్మన్నారట, బండి స్టార్టు చేసి సిద్ధంగా ఉంచుతామన్నారట.

"స్టార్టు చేసి ఉంచొద్దని ఇప్పుడే చెప్పు. తొమ్మిదింటికే వెళ్లు" అన్నాను. "వేడెక్కిన ఇంజిను ఎవరికైనా స్టార్టవుతుంది. వెళ్లగానే నమస్కారం పెట్టే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు."